సోరణకు తొడిగిన చొక్కా

ఆదివారం సాయంత్రం ఏడయ్యేసరికి ఆనందయ్య టీవీ ముందు చాప పరుచుకుంటాడు. అరవై మూడేళ్ళ మనిషి. పళ్ళు సగం లేవు, మోకాళ్ళు చెప్పిన మాట వినవు, కంటి అద్దాలకు ఒక కాడ ఊడి దారంతో కట్టుకున్నాడు. అయినా ఆకాశంలో వేలాడే ఊరి మీద వచ్చే సీరియల్‌ని మాత్రం ఒక్క వారం తప్పించడు. సాయంత్రం ఆరాధనలో పాస్టరుగారి ప్రసంగం కాస్త సాగితే చాలు, ముందు వరసలోనే చాప మీద కూర్చుని వాచీ చూసుకుంటాడు. సంఘ పెద్ద చేసే పని కాదది. ఎవరైనా అడిగితే, బీపీ మాత్ర వేళయిందంటాడు.

ఆ సీరియల్ పేరు ‘పైలోకం’. మబ్బుల మీద ఒక మహానగరం. దాన్ని నిలబెట్టే యంత్రాలు వేడెక్కిపోతుంటాయి. వాటిని చల్లబరచడానికి కింద ఉన్న లోయనంతా నీళ్ళతో నింపాలి. లోయలో బతికే జనానికి ఒక అలవాటుంది. చచ్చిపోయినవాళ్ళ గొంతుల్ని రాళ్ళలో దాచిపెట్టి, ఏడాదికొకసారి ఆ రాళ్ళను చెవికి ఆనించుకుని వింటారు. ఆ లోయకు పెద్ద సోరణ అనే ముసలాయన. పైవాళ్ళు దిగివచ్చి వెలుగుపలక చాపితే, ఒప్పుకున్నట్టుగా దాని మీద అరచెయ్యి ఆనించింది ఆయనే. పైన నీళ్ళ తలుపులు తెరుచుకున్నాయి, నీళ్ళొచ్చాయి. రాళ్ళూ గొంతులూ అన్నీ మునిగిపోయాయి.

జిల్లాలో ఈ సీరియల్‌కు మూడు వందల నలభై మంది అభిమానులతో ఒక వాట్సాప్ గుంపు ఉంది. సీరియల్ అర్థం ఏమిటన్న దాని మీద అందులో రోజూ రణమే. పైలోకం అంటే ఫలానా పార్టీయేనని ప్రొద్దుటూరువాళ్ళు ఒట్టేసి చెబుతారు. కాదు, దాని ఎదుటి పార్టీ అని పులివెందులవాళ్ళు ఎపిసోడ్ నంబరు, నిమిషంతో సహా రుజువులు పెడతారు. ఎవరికీ తమ పార్టీ అందులో కనిపించదు. పులివెందుల కాలేజీలో పాఠాలు చెప్పే శిల్ప ఒక్కతే, ఇది అన్ని పార్టీల కథే అయ్యుండొచ్చు కదా అంది. పాపం, రెండు వైపులవాళ్ళూ కలిసి ఆమెను తిట్టారు. వాళ్ళంతా ఒక్కటయ్యే విషయం మాత్రం ఒకటుంది. సోరణ ద్రోహి. ఆయన బొమ్మకు చెప్పుల దండ వేసి పంపని రోజు గుంపులో లేదు.

ఆ గుంపును నడిపేది ఆనందయ్య కూతురు సుజాత. ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. భర్త ఎబినేజర్ ముద్దనూరు దగ్గర కరెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుల పని చేస్తాడు. అందరూ ఉండేది జమ్మలమడుగు శివార్లలో, ముంపు ఊళ్ళవాళ్ళకిచ్చిన కాలనీలో. వాళ్ళ ఊరు పాతకొట్టాల నాలుగేళ్ళ కిందట రిజర్వాయరు నీళ్ళలోకి పోయింది. ఊరితోపాటు మాలపల్లె చర్చీ పోయింది. చర్చి వెనక సమాధుల దొడ్డీ పోయింది. అందులో సుజాత తల్లి రూతమ్మ ఉంది.

ఈస్టరుకు ముందు రోజు సమాధులకు సున్నం కొట్టి, తెల్లవారకముందే కుటుంబమంతా వెళ్ళి, కొవ్వొత్తి వెలిగించి పాట పాడడం వాళ్ళ పద్ధతి. ఇప్పుడు రిజర్వాయరు కట్ట మీద నిలబడి పాడుతున్నారు. కొవ్వొత్తి ఎక్కడ పెట్టాలో తెలియక చేతుల్లోనే పట్టుకుంటారు. పోయిన ఈస్టరుకు సుజాత కొడుకు, ‘అవ్వ యాడుందిమా?’ అని అడిగాడు. సుజాత నీళ్ళకేసి చెయ్యి చాపింది. చెయ్యి ఎక్కడ ఆపాలో తెలియక అలాగే దించేసింది. ఆనందయ్య అది చూశాడు. ఇంటికి వచ్చాక రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

సుజాత కోపానికి ఒక ఆధారం ఉంది. ఊరు ఖాళీ చేసే కాగితాల మీద సంతకం పెట్టే ముందు తండ్రి సమాధుల సంగతి అడిగాడనీ, వాటిని మెరక మీదికి మారుస్తామని ఆఫీసరు మాట ఇచ్చాడనీ ఆమెకు తెలుసు. తెలుసు అంటే తండ్రే చెప్పాడు. ఆ మాట పట్టుకుని నాలుగేళ్ళుగా ఆమె సోమవారం సోమవారం అర్జీ పట్టుకుని ఆఫీసుకు వెళుతోంది. స్కూలుకు సెలవు దొరకకపోతే ఒక పూట జీతం వదులుకుని మరీ వెళుతోంది. అలాంటి మాట ఇచ్చినట్టు ఎక్కడా లేదమ్మా అని వాళ్ళు చెబితే, మీరు అబద్ధాలకోర్లు అని ముఖం మీదే అనేసి వచ్చేది. గుంపులో కూడా ఒకసారి రాసింది: ‘మా నాయిన మోసపోయినాడు. సోరణ మోసం చేసినాడు. రెండూ ఒకటి కాదు.’

ఆ వాక్యం ఆనందయ్యకు కంఠతా వచ్చు. ఎందుకంటే ఆయనా ఆ గుంపులో ఉన్నాడు.

బస్టాండు దగ్గర గొడుగు కింద సిమ్ములు అమ్మే నూరున్నీసా చేత రెండో సిమ్ము వేయించుకుని, ‘ఒక ప్రేక్షకుడు’ అని పేరు పెట్టుకుని, కూతురికి తెలియకుండా చేరాడు. చూపుడు వేలితో ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ రాసేవాడు. రాసిందల్లా సోరణ తరఫునే. ఆయన ముసలివాడయ్యా, పెద్దవాళ్ళు ఎదురుగా నిలబడి అడిగితే కాదనడం అలవాటు లేనివాడయ్యా, అని. దానికి బదులుగా నవ్వే బొమ్మలూ చెప్పుల బొమ్మలూ వచ్చి పడేవి. ‘ఎంత ముట్టింది తాతా?’ అని ప్రొద్దుటూరు బట్టలకొట్టు నాగేంద్ర అడిగేవాడు. ఇంట్లో పక్క గదిలోనే కూర్చున్న కూతురు, ఫోను చూసుకుంటూ, ‘ఈ ప్రేక్షకుడు ఎవుడో గాని, సిగ్గులేనోడు’ అనేది. ఆనందయ్య చాప మీద అటు తిరిగి పడుకునేవాడు.

అంతలో కొత్త భాగం ట్రైలరు వచ్చింది. అందులో సోరణ ఒళ్ళంతా మట్టితో లోయ అంచుకు తిరిగి వస్తాడు. ఎవరూ పలకరించరు. చివరికి లోయ పిల్ల ఒకతి దోసిట్లో నీళ్ళు తెచ్చి ఆయనకు తాగిస్తుంది. అంతే. ఆనందయ్య దాన్ని పదకొండు సార్లు చూశాడు. ప్రతిసారీ ఆ పిల్ల దోసిలి దగ్గర ఆపి, మళ్ళీ మొదటికి తిప్పేవాడు. ఆ ఎపిసోడ్ వచ్చేదాకా బతికుంటే చాలు దేవా అని ప్రార్థనలో కూడా అన్నాడు. ఇలాంటి వాటికి ప్రార్థన చేయకూడదని ఆయనకు తెలియక కాదు.

గుంపు భగ్గుమంది. సోరణకు క్షమాపణా? మునిగిన గొంతులకు ఎవరు జవాబు చెబుతారు? రాష్ట్రమంతా అభిమానులు చానలుకు ఉత్తరాలు రాశారు. సుజాత ఏడు నిమిషాల వీడియో చేసి పెట్టింది. ‘మా ఊర్ల పేరు జెప్పి సంతకాలు పెట్నోళ్ళందరినీ ఇట్లనే మాఫీ చేసేస్తారు. నీళ్ళలో ఉన్నోళ్ళను మాత్రం ఎవురూ అడగరు’ అంది అందులో. దాన్ని లక్ష మంది చూశారు.

ఆ రోజు మధ్యాహ్నం ఆనందయ్య రెండు గంటలు కష్టపడి ఒక పెద్ద సందేశం రాశాడు. ఆ ఆవేశంలోనే కాలు జారాడు. ‘సంతకం పెట్టేటప్పుడు ఆయప్ప ఎడం చేత్తో చొక్కా కింది గుండీని తిప్పుతానే ఉన్యాడు. నీలం దారంతో కుట్టిన గుండీ. పెండ్లాం కుట్టింది. మీరెవురూ అది చూల్లేదా?’

గుంపు విరుచుకుపడింది. ఏ ఎపిసోడ్? ఏ నిమిషం? సోరణకు సంతకం ఎక్కడిది, అరచెయ్యి కదా పెట్టింది? ఆయనకు పెళ్ళాం ఎక్కడిది? సుజాత తానే రాసింది: ‘సోరణ వేసుకునేది గుండీలు లేని అంగీ. లేని సీన్లు పుట్టించి ద్రోహిని కాపాడేవాళ్ళకు ఈ గుంపులో చోటు లేదు.’ మరుక్షణం ‘ఒక ప్రేక్షకుడు’ను తీసేసింది. ఆనందయ్య ఫోనులో మిమ్మల్ని తీసేశారని ఒక చిన్న వాక్యం వచ్చి, కింద రాసే చోటు మూసుకుపోయింది. ఆయన దాన్ని వేలితో రెండు మూడు సార్లు నొక్కి చూశాడు.

శుక్రవారం సాయంత్రం సుజాత బడి నుంచి వస్తూనే అడిగింది.

‘నాయినా, నీది పాత తెల్ల చొక్కా ఏమన్నా ఉందా?’

‘ఎందుకుమ్మా?’

‘బొమ్మకు. రేపు రెండో శనివారం గదా, ప్రొద్దుటూర్లో సోరణ దిష్టిబొమ్మ కాలుస్తాండాం. గడ్డి, ప్యాంటు నాగేంద్ర తెస్తాడు. చొక్కా నేను తెస్తానని చెప్పినా.’

ఈ సీమలో ఏ గొడవకైనా దిష్టిబొమ్మ కాలాల్సిందే. నీళ్ళు రాకపోతే ఒక బొమ్మ, రోడ్డు వేయకపోతే ఇంకో బొమ్మ. టీవీలో మనిషికి కూడా బొమ్మ కడతారని ఆనందయ్య అనుకోలేదు. ట్రంకు పెట్టె తెరిచాడు. మూడు తెల్ల చొక్కాలున్నాయి. పైన ఉన్న రెండూ చిరుగులు పట్టినవే, బొమ్మకు అవి చాలు. ఆయన అడుగున చెయ్యి పెట్టి మడత నలగని చొక్కా తీశాడు. నాలుగేళ్ళ కిందట సంతకం రోజున చివరిసారి వేసుకుని, ఉతికి, మళ్ళీ తొడగని చొక్కా. అది ఇంట్లో ఉన్నంత కాలం ఆయనకు నిద్ర లేదు. కాలిపోతే పోతుందనుకున్నాడు. దులిపి కూతురి చేతికిచ్చాడు.

‘ఇది బాగుంది గదా నాయినా?’

‘నాకు బిగుతైంది. తీసుకపో.’

మర్నాడు తానూ వస్తానన్నాడు. సుజాత సంతోషపడింది. నాయిన ఇన్నాళ్ళకు ఒక పోరాటానికి వస్తున్నాడనుకుంది.

శివాలయం సెంటర్లో నాలుగు గంటలకే వంద మంది దాకా చేరారు. పులివెందుల నుంచి శిల్ప వాళ్ళు వ్యాను కట్టించుకుని వచ్చారు. ‘సోరణకు క్షమాపణ వద్దు’ అని ఫ్లెక్సీ. ప్లాస్టిక్ కుర్చీలు దించుతుంటే ఆనందయ్య అలవాటు కొద్దీ వెళ్ళి వరసగా వేయడం మొదలుపెట్టాడు. ముప్పై రెండేళ్ళు పాతకొట్టాల హైస్కూల్లో అటెండరుగా ఆయన చేసింది ఇదే. మీటింగు వస్తే కుర్చీలు వేయడం, అయిపోయాక తీయడం, మధ్యలో గోడకానుకుని నిలబడడం. నాగేంద్ర పరుగెత్తుకొచ్చి, ‘నువ్వెందుకు పెద్దాయనా, కూచో’ అని ఒక కుర్చీ లాగాడు. ఆనందయ్య కూర్చోలేదు. నాలుగేళ్ళుగా నలుగురిలో ఆయన కుర్చీలో కూర్చోడు. మోకాళ్ళ నొప్పి, కూర్చుంటే లేవలేనని చెబుతాడు. మోకాళ్ళకూ దానికీ ఏ సంబంధమూ లేదు.

అంతలో నాగేంద్ర ఫోను చూసి కేక పెట్టాడు. చానలువాళ్ళు ప్రకటన ఇచ్చారట. అభిమానుల మనసు నొప్పించడం ఇష్టం లేక ఆ నీళ్ళ సీను తీసేస్తున్నారట. ఈలలు, చప్పట్లు. ఒకరినొకరు కౌగిలించుకున్నారు. ఆనందయ్య ఫ్లెక్సీ కర్రను పట్టుకుని నిలబడ్డాడు. ఆ పిల్ల ఇక నీళ్ళు తేదు. ఎంత పిచ్చివాణ్ణి, టీవీలో పిల్ల దోసిలి మీద ఆశ పెట్టుకున్నానే అని తనను తాను తిట్టుకున్నాడు.

‘గెలిచినాం గదా, ఇంగ బొమ్మెందుకు?’ అని శిల్ప అడిగింది.

‘గడ్డి కట్టినాక కాల్చకుండా ఎట్ల పోతాం మేడం?’ అన్నాడు నాగేంద్ర. బొమ్మ మీద అప్పటికే పెట్రోలు చల్లేస్తున్నారు.

చొక్కా ముందు భాగం గాలికి తెరుచుకుంది. లోపలి గడ్డి రాలుతోంది. సుజాత వంగి, పై నుంచి ఒక్కొక్క గుండీ పెట్టుకుంటూ వచ్చింది. కింది గుండీ దగ్గర ఆమె చేతులు ఆగిపోయాయి.

ఆనందయ్య పది అడుగుల దూరంలో ఉన్నాడు. గుంపులో తానే రాసినా, చొక్కా ఇచ్చేటప్పుడు తట్టని ఆ గుండీ సంగతి ఆయనకు అప్పుడు గుర్తుకొచ్చింది. తొమ్మిదేళ్ళ కిందట, ఆసుపత్రికి పోయే ముందు, రూతమ్మ మంచం మీద కూర్చుని కుట్టిన గుండీ అది. తెల్ల దారం అయిపోతే, సుజాత చిన్నప్పటి స్కూలు గౌను కుట్టగా మిగిలిన నీలం దారం ఉండ వెతికి కుట్టింది. ‘లోపలికి దోపుకుంటే ఎవురికి కనపడుతుందిలే’ అంది. ఆసుపత్రి నుంచి ఆమె తిరిగి రాలేదు.

సుజాత తలెత్తి జనంలో వెతికింది. తండ్రి కళ్ళు దొరికాయి. ఒక్క క్షణం చూసింది. ఆ ఒక్క క్షణంలోనే ‘ఒక ప్రేక్షకుడు’ ఎవరో ఆమెకు తెలిసిపోయిందని ఆనందయ్యకు తెలిసింది. ఆమె మళ్ళీ వంగి ఆ గుండీని పట్టుకుని లాగింది. రాలేదు. రూతమ్మ ఏది కుట్టినా గట్టిగానే కుట్టేది. పళ్ళతో దారం తెంపబోతుంటే నాగేంద్ర భుజం పట్టి వెనక్కి లాగాడు.

‘మేడం, పెట్రోలు పోసినాం! జరగండి!’

‘ఒక్క నిమిషం... అది...’ అంటూనే ఉంది. ఎవరో అగ్గిపుల్ల గీశారు.

బొమ్మ గుప్పున అంటుకుంది. జనం అరిచారు. ఆనందయ్యకు అప్పుడు అర్థమైంది, తాను చేసిన పని ఏమిటో. రూతమ్మను నీళ్ళకు ఇచ్చాడు. ఆమె చేతి కుట్టు ఒక్కటి ఈ భూమ్మీద మిగిలి ఉంటే, దాన్ని పెట్టెలోంచి తీసి, దులిపి, తన చేత్తోనే నిప్పుకు ఇచ్చాడు. ముఖం మీద తువ్వాలు వేసుకుని రోడ్డు మధ్యలోనే ఏడ్చాడు. పొగ కళ్ళలోకి పోయిందనుకుని ఎవరో నీళ్ళ సీసా ఇచ్చారు.

తిరుగు బస్సులో రద్దీగా ఉంది. ఆడవాళ్ళకు టికెట్ లేకుండా అయినప్పటి నుంచి ముందు సగం ఎప్పుడూ నిండుగానే ఉంటోంది. సుజాతకు ముందు వైపు కిటికీ పక్కన చోటు దొరికింది. ఆనందయ్య వెనక సీట్లో కూర్చున్నాడు. మధ్యలో అంతమంది మనుషులు. ఆమె జడ, వంచిన మెడ మాత్రం కనిపిస్తున్నాయి. ఊరు దాటాక ఆయన జేబులో ఫోను మోగింది. రెండో సిమ్ము.

‘అడ్మిన్ మిమ్మల్ని మళ్ళీ చేర్చారు’ అని ఉంది. ఆ కింద, గుంపులో కాదు, ఆయనకొక్కడికే ఒక సందేశం.

‘గుండీ సీను యాడుందో నాకు తెలిసింది నాయినా. మిగతాది చెప్పు.’

ఆనందయ్య అద్దాలు తుడుచుకున్నాడు. బస్సు కుదుపులకు వేలు ఒక అక్షరం మీద పెడితే పక్క అక్షరం పడుతోంది. చెరిపి రాశాడు. రాసి చెరిపాడు. ఈ నాలుగేళ్ళలో చెప్పుకున్న అబద్ధమే మళ్ళీ వేలి కొసకు వచ్చింది. అడిగినా, సరే అన్నారు, అని. దాన్ని పూర్తిగా చెరిపేశాడు.

‘సమాధుల సంగతి నేను అడగలేదమ్మా. వాళ్ళు మాట ఇయ్యలేదు. ఆ పొద్దు స్కూల్లో ఆఫీసర్లకు, రెడ్లకు కుర్చీలు నేనే ఏసినా. ఏసి గోడకాడ నిలబడుకున్యా. సంఘ పెద్ద ఎవురు అని పెద్దసారు అడిగినాడు. నేనే అన్యా. ఈయనకు కుర్చీ ఎయ్యండి అన్యాడు. ముప్పై రెండేండ్లలో నాకు కుర్చీ ఏసింది ఆ పొద్దే. మనూరి ఆదినారాయణరెడ్డి పక్కన కూచున్యా. కాగితం ఇచ్చినారు. మీ అమ్మ గుర్తుకొచ్చింది. అడుగుదామనుకున్యా. అడిగితే కుర్చీలోంచి లేపేస్తారేమోనని అడగలేదు. సంతకం పెట్నా.’

పంపాడు. కాసేపటికి రెండు గీతలూ నీలంగా మారాయి. ముందు సీట్లో ఆ తల కదల్లేదు. ఇటు తిరగనూ లేదు. ఆ తర్వాత ఇరవై నిమిషాలు ఆనందయ్య బతుకులో అన్నిటికన్నా పొడవైన ఇరవై నిమిషాలు.

జమ్మలమడుగు బస్టాండులో ఆయన చివరగా దిగాడు. సుజాత సిమెంటు బల్ల మీద కూర్చుని ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

‘నాలుగేండ్లు నాయినా. వాళ్ళ మొగం మీదనే అబద్ధాలకోర్లనింటి.’

‘తిట్టుమ్మా నన్ను.’

‘తిట్టేదానికి గూడా ఓపిక ల్యా.’

బస్సులు వచ్చిపోతున్నాయి. తర్వాత ఆమె సంచిలోంచి సోమవారం ఇవ్వాల్సిన అర్జీ తీసింది. ‘మా తండ్రిగారికి మాట ఇచ్చియున్నారు’ అన్న వాక్యం మీద గీత కొట్టింది. అది కాగితం చిరిగేంత గట్టిగా పడింది. ఒడిలో పెట్టుకుని కింద ఖాళీ చోట రాసింది: ‘సమాధుల గురించి ఎవరూ మాట ఇవ్వలేదు. మేమూ అప్పుడు అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాము.’

నీళ్ళలోంచి ఎవరూ ఏ సమాధినీ తీసి ఇవ్వరని ఇద్దరికీ తెలుసు.

ఆమె బల్ల మీద పక్కకు జరిగింది. ‘కూచో. మోకాళ్ళ కత నాకు చెప్పాకు. ముందు నువ్వు పెట్టు సంతకం, తర్వాత నేను.’

ఆనందయ్య కూతురి పక్కన కూర్చున్నాడు. పెన్ను తీసుకున్నాడు. ఎడమ చెయ్యి దానంతటదే చొక్కా కింది గుండీ కోసం వెళ్ళింది. అన్ని గుండీలూ తెల్ల దారంతోనే ఉన్నాయి. కింది గుండీని అలాగే పట్టుకుని, సంతకం పెట్టాడు.